ఫోన్ నెట్‌వర్క్‌కు ‘తరం’ అనవచ్చా?

సందేహం: మొబైల్ నెట్‌వర్క్‌ల విషయంలో ‘జనరేషన్’ను పత్రికలు ‘తరం’ అని రాస్తున్నాయి. తరం అంటే తల్లిదండ్రులు, పిల్లలు, మనవలు అనే వరస కదా. యంత్రాలకు ఆ మాట నప్పుతుందా? ‘శ్రేణి’ అంటే మేలేమో? మనుషుల్లో తరానికి పాతికేళ్లు పడితే ఇక్కడ పదేళ్లకే తరం మారిపోతోంది. పైగా 5జీ అంటే 4జీ కన్నా వేగం ఎక్కువ, అంతేగా. దానికి తరం అంత పెద్ద మాట ఎందుకు? ‘5జీ తరం’, ‘5వ తరం’, ‘ఐదో తరం’ వీటిలో ఏది సరైనది?

సమాధానం: ‘తరం’ అనే రాయండి, నిస్సంకోచంగా రాయండి. నెట్‌వర్క్‌ల కథ తెలిసేకొద్దీ ఇంతకన్నా సరిపడే మాట లేదనిపిస్తుంది.

తరం అనగానే తాత, తండ్రి, కొడుకు గుర్తుకు రావడం సహజమే. కానీ ‘పాత తరం కవులు’, ‘ఆ తరం ఉపాధ్యాయులు’ అన్నప్పుడు వాళ్ల మధ్య రక్తసంబంధం ఉందని ఎవరూ అనుకోరు. ఒక కాలంలో ఒక తీరున పనిచేసినవాళ్లని అర్థం. యంత్రాలకూ ఈ వాడుక కొత్త కాదు. వ్యాక్యూమ్ ట్యూబులతో నడిచినవి మొదటి తరం కంప్యూటర్లు, ట్రాన్సిస్టర్లతో నడిచినవి రెండో తరం అని బడిలో చదువుకున్నవాళ్లమే. ఇక ఏళ్ల లెక్క అంటారా, తరానికి ఇన్నేళ్లని తెలుగులో కొలతేమీ లేదు. ‘ఏడు తరాలు’ అన్నప్పుడు లెక్కపెట్టేది మెట్లను, సంవత్సరాలను కాదు.

‘శ్రేణి’తో వచ్చే చిక్కు వేరు. పర్వతశ్రేణి అంటే పక్కపక్కన ఉన్న కొండల వరస. ‘ఉన్నత శ్రేణి’ అంటే స్థాయి. ముందుదాని అనుభవంతో తర్వాతిది పుట్టిందన్న భావం ఆ మాటలో లేదు. నెట్‌వర్క్‌లలో అదే ముఖ్యం.

అసలు మొదటి తరం పుట్టినప్పుడు దాన్ని ఎవరూ మొదటి తరం అనలేదు. 1979లో టోక్యోలో, 1981లో స్కాండినేవియా దేశాల్లో, 1983లో షికాగోలో మొదలైనవాటికి తలా ఒక పేరు ఉంది. రెండోది వచ్చాకనే వాటన్నిటికీ కలిపి ‘1జీ’ అని వెనక్కి తిరిగి పేరు పెట్టారు. రెండోది 1991 జులై 1న ఫిన్‌లాండ్‌లో మొదలైంది. రెండో తరంలో ఎక్కువగా వ్యాపించిన జీఎస్ఎం పద్ధతిలో తొలి కాల్ ఆ దేశ మాజీ ప్రధాని హర్రి హోల్కెరి చేశారు. మూడో తరం 2001లో జపాన్‌లో, నాలుగోది 2009 చివర స్టాక్‌హోమ్, ఓస్లో నగరాల్లో, ఐదోది 2019లో వచ్చాయి. ఇంచుమించు పదేళ్లకొకటి.

మరి తరం మారిందని దేన్నిబట్టి అంటాం? ‘వేగాన్నిబట్టి’ అని మీరు అన్నారు, చాలామంది అనుకునేదీ అదే. వేగం పెరగడం ఫలితం మాత్రమే. మారింది పంపకం. గాలిలో రేడియో తరంగాలకు ఉన్న చోటు పరిమితం, మాట్లాడాలనుకునేవాళ్లు లక్షల్లో. ఆ కాస్త చోటును ఇంతమందికి ఎలా పంచాలన్నదే ప్రతి తరం ముందూ నిలిచిన ప్రశ్న.

మొదటి తరం జవాబు సూటిగా ఉంది. ఒక్కో సంభాషణకు ఒక్కో ఫ్రీక్వెన్సీ ఇచ్చెయ్యడమే. అమెరికా పద్ధతిలో ఒక్కో ఛానల్ వెడల్పు 30 కిలోహెర్ట్జ్. మాట్లాడుతున్నంతసేపూ ఆ ఛానల్ మీదే, ఇంకెవరికీ దొరకదు. గొంతు అనలాగ్ రూపంలో, అంటే అంకెలుగా మారకుండా తరంగంగానే వెళ్లేది కాబట్టి తగిన రిసీవర్ ఉన్నవాళ్లెవరైనా వినగలిగేవారు.

రెండో తరం కాలాన్ని పంచింది. జీఎస్ఎంలో 200 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఒక దారిని ఎనిమిది మందికి వంతులవారీగా ఇస్తారు. ఒక్కో వంతు 0.577 మిల్లీసెకన్లు. అందరి వంతులూ ఒక చుట్టు తిరిగి రావడానికి 4.615 మిల్లీసెకన్లు. గొంతు డిజిటల్‌గా, అంటే అంకెలుగా మారింది కాబట్టి దాన్ని కుదించి, రహస్య సంకేతంగా మార్చి ఆ చిన్న వంతులో ఇరికించగలిగారు. అంటే మీరు ఏకధాటిగా మాట్లాడుతున్నా ఫోను మాత్రం సెకనుకు దాదాపు 217 సార్లు పలికి, మధ్యలో ఆగుతుంది. ఫోన్ మోగబోయే ముందు పక్కనున్న రేడియోలోనో స్పీకర్లోనో ‘డిడిడిట్, డిడిడిట్’ అని ఒక గరగర వినిపించేది గుర్తుందా? ఆ వంతుల చప్పుడే అది. ఒక తరం పనితీరును మనిషి చెవి నేరుగా వినగలిగిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

మూడో తరం ఇంకో ఎత్తు ఎత్తింది. 5 మెగాహెర్ట్జ్ వెడల్పున్న దారిలో అందరూ ఒకేసారి మాట్లాడొచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో కోడ్ ఉంటుంది, టవర్ ఆ కోడ్‌ను పట్టుకుని ఎవరి మాట ఏదో విడదీస్తుంది. రెండో తరంలోనే కొన్ని నెట్‌వర్క్‌లు ఈ కోడ్‌ల పద్ధతి వాడాయి, ఎక్కువగా వ్యాపించింది మాత్రం మూడో తరంలో. నాలుగో తరం ఆ వెడల్పును 15 కిలోహెర్ట్జ్ సన్నని పాయలుగా చీల్చి, ఎవరికి ఎంత అవసరమో చూసి క్షణక్షణం పంచుతుంది. ఐదోది పాయలనే ఉంచుకుని వాటి వెడల్పును మార్చుకునే వీలు కల్పించింది, 24 గిగాహెర్ట్జ్‌ను దాటిన ఫ్రీక్వెన్సీ పట్టీల్లోకీ వెళ్లింది. నిజం చెప్పాలంటే నాలుగుకూ ఐదుకూ మధ్య ఉన్న తేడా మూడుకూ నాలుగుకూ మధ్య ఉన్నంత మౌలికమైనది కాదు. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఇరుకైన పట్టీ మీద నడిచే 5జీ వేగం 4జీకి దగ్గరగానే ఉండొచ్చు కూడా. వేగాన్నిబట్టే పేరు పెడితే దాన్ని ఏమనాలి? అందుకే ‘ఐదు రెట్ల వేగం’ లాంటి అనువాదాలు వద్దంటాను.

తెలుగు రాసేవాళ్లం కాబట్టి రెండో తరం దగ్గర కాసేపు ఆగాలి. ఎస్ఎంఎస్ దాని బిడ్డ. 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో వెళ్లిన తొలి సందేశం ‘మెర్రీ క్రిస్మస్’, ఇంగ్లీషు లిపిలో. ఒక సందేశానికి ఇచ్చిన చోటు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషు అక్షరానికి 7 బిట్లు చాలు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు మామూలుగా అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌లో వెళ్తుంది, ఒక్కో గుర్తుకు 16 బిట్లు. కాబట్టి 70 మాత్రమే. ఆ 70 కూడా మనం అనుకునే అక్షరాలు కావు. ‘స్త్రీ’ చూడండి. మన కంటికి ఒక్క అక్షరం. ఫోను లెక్కలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు. తొలి సందేశం ఇంగ్లీషులో 105 బిట్లయితే, అదే తెలుగు లిపిలో రాస్తే 256 బిట్లు అవుతుంది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టే అలవాటు పాతుకుపోవడానికి కీబోర్డులో తెలుగు లేకపోవడం ఒక కారణమైతే, ఈ 70 గీత మరొకటి. తర్వాతి కాలంలో ప్రమాణాల్లో తెలుగుకూ 7 బిట్ల పట్టికలు చేర్చారు, అప్పటికే అలవాటు ముదిరిపోయింది. భాష మీద నెట్‌వర్క్ వేసిన ముద్ర ఇంత స్పష్టంగా కనిపించే చోటు అరుదు. దాని గురించి మనం మాట్లాడుకోవలసినంత మాట్లాడుకోలేదని నాకు బాధ.

ఆ ఎస్ఎంఎస్ ఇప్పటికీ పోలేదు. 5జీ ఫోన్ చేతిలో ఉన్నా ఓటీపీ వచ్చేది చాలావరకు అందులోనే. ‘తరం’ అనే మాట ఎందుకు సరైనదో ఇక్కడే తెలుస్తుంది. కొత్త తరం రాగానే పాత తరం మాయం కాదు, తాతా మనవడూ ఒకే ఇంట్లో ఉన్నట్టు ఉంటాయి. ఫోన్ పైభాగాన చూడండి. 3జీ ఇంకా నడుస్తున్నచోట 4జీ అని ఉన్నది కాసేపటికి ‘హెచ్’ అవుతుంది, సిగ్నల్ పలచబడితే ‘ఈ’ అవుతుంది. హెచ్ మూడో తరం తాలూకు హెచ్ఎస్‌పీఏ, ఈ రెండో తరం తాలూకు ఎడ్జ్. 4జీ వచ్చిన కొత్తలో ఇంకో వింత ఉండేది. ఆ నెట్‌వర్క్ అంతా డేటా కోసమే కట్టారు, పాత పద్ధతిలో కాల్ మోసే దారి అందులో లేదు. అందుకని కాల్ రాగానే ఫోన్ 3జీకో 2జీకో దిగి, మాట్లాడడం అయ్యాక మళ్లీ పైకి వచ్చేది. మాటను కూడా డేటాలాగే 4జీ మీద పంపే ఓల్టీ పద్ధతి వచ్చాకే మాటకు కూడా నాలుగో తరంలో చోటు దొరికింది. ఐదోదీ అంతే. మొదట్లో చాలాచోట్ల 5జీ టవర్ వెనక ఉండి కాల్స్‌నూ డేటానూ నడిపించే కోర్ నెట్‌వర్క్ 4జీదే.

పోవడంలో కూడా వరస తప్పుతుంది. జర్మనీలో 2021 నాటికి 3జీని ఆపేశారు, 2జీని ఉంచారు. కాబట్టి ‘5జీ రాకతో పాత తరాలకు కాలం చెల్లింది’ అని వార్తల్లో అలవాటుగా రాసే వాక్యం పొరపాటు. ఏ తరానికి ఎక్కడ కాలం చెల్లిందో కనుక్కుని రాయాలి.

ఈ అంకెలు శాస్త్రజ్ఞులు గిరిగీసి ఇచ్చినవని అనుకుంటే అదీ పూర్తిగా నిజం కాదు. అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ కాగితాల్లో వీటి పేర్లు ఐఎంటీ-2000, ఐఎంటీ-అడ్వాన్స్‌డ్, ఐఎంటీ-2020. మనం 3జీ, 4జీ, 5జీ అంటున్నవి ఇవే. ఐఎంటీ-అడ్వాన్స్‌డ్ అనిపించుకోవాలంటే కదలకుండా ఉన్నప్పుడు సెకనుకు 1 గిగాబిట్, వేగంగా ప్రయాణిస్తున్నప్పుడు 100 మెగాబిట్లు అందాలని షరతు. మనం 4జీ అంటున్న ఎల్‌టీఈ పద్ధతిలో వచ్చిన తొలి నెట్‌వర్క్‌లు దాన్ని అందుకోలేదు. అయినా కంపెనీలు వాటిని 4జీ పేరుతోనే అమ్ముకున్నాయి, జనం 4జీ అనే పిలిచారు. చివరికి 2010 డిసెంబర్‌లో యూనియనే ఒక ప్రకటనలో, 4జీ అన్న మాటకు కచ్చితమైన నిర్వచనం లేదనీ, ఎల్‌టీఈ లాంటివాటికీ దాన్ని వాడవచ్చనీ ఒప్పుకుంది. పదాలకు అర్థం వాడుకలోనే స్థిరపడుతుందనే మాకు ఇంజినీర్ల లోకం నుంచి ఇంత మంచి సాక్ష్యం దొరకడం సంతోషం.

ఇక రాత సంగతి. ‘5వ తరం’, ‘ఐదవ తరం’, ‘ఐదో తరం’ మూడూ సరైనవే. వ్యాసంలో నేనైతే ‘ఐదో తరం’ అంటాను, నోటికి దగ్గరగా ఉంటుంది. ‘5జీ’ని ఎవరూ ‘ఐదు జీ’ అని చదవరు, ‘ఫైవ్ జీ’ అనే చదువుతారు, కాబట్టి అది ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి. ‘5జీ తరం నెట్‌వర్క్’ అంటే పునరుక్తి, జీ అంటేనే తరం. ‘5జీ తరం పిల్లలు’ మాత్రం తప్పు కాదు, అక్కడ తరం పిల్లలది.

‘ఐదో తరపు నెట్‌వర్క్’ అని రాసేవారున్నారు. దేశం దేశపు అయినట్టు తరం తరపు కావడం వ్యాకరణానికి సమ్మతమే. కానీ ‘మా తరపు న్యాయవాది’లోని తరపు కూడా అచ్చం అలాగే ఉంటుంది, చదివేవాళ్లు ఒక్క క్షణం తడబడతారు. ‘ఐదో తరం నెట్‌వర్క్’ అంటే గొడవే లేదు. 2.5జీ, 2.75జీ అని మధ్యలో వచ్చినవాటికి తరం తగిలించకండి. రెండున్నర అనగలం గానీ ‘రెండున్నరో’ అనేది తెలుగు కాదు. జీపీఆర్‌ఎస్ అనో ఎడ్జ్ అనో పేరు పెట్టి చెప్పండి.

జీ కనిపించిన ప్రతిచోటా తరం అని కూడా రాయకూడదు. ‘రోజుకు 2 జీబీ’లోని జీ గిగా. ఇంట్లో వైఫై రౌటర్ పేరు చివర కనిపించే 5జీ కూడా 5 గిగాహెర్ట్జ్ పట్టీ, మొబైల్ నెట్‌వర్క్‌తో దానికి సంబంధం లేదు. దాన్ని ‘ఐదో తరం వైఫై’ అని అనువదిస్తే పూర్తిగా తప్పు.

6జీ గురించి మీరు అడగలేదు గానీ రేపు రాయవలసి వస్తుంది. దానికి యూనియన్ పెట్టుకున్న పేరు ఐఎంటీ-2030, లక్ష్యాల చట్రం 2023లో ఖరారైంది. ప్రమాణాల పని ఆ తర్వాతిది. ప్రస్తుతానికి ‘ఆరో తరం వచ్చింది’ అనకుండా ‘రాబోయే ఆరో తరం’ అని రాయండి.