విశాఖ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎంత దూరం, ఎన్ని గంటలు?

ప్రశ్న: మా అమ్మాయి పురుటికి నవంబరు చివర నేనూ మావారూ శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లాలి. విశాఖపట్నం నుంచి అక్కడికి విమాన దూరం సుమారు 13,300 కిలోమీటర్లని చూపిస్తోంది. గంటకు 900 చొప్పున 15 గంటల్లో చేరాలి కదా, ఢిల్లీ మీదుగా చూసినా, సింగపూర్ మీదుగా చూసినా 24 గంటలకు తక్కువ లేదెందుకు? తిరుగు ప్రయాణం ఇంకా ఎక్కువంటున్నారు, నిజమేనా?
– ఒక పాఠకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

జవాబు: మీ భాగహారం సరైనదే. అయితే 13,300 అన్నది రెండు ఊళ్ల మధ్య అతి దగ్గరి దారి కొలత. ఆ దారిన విశాఖ నుంచి ఆగకుండా వెళ్లే విమానం లేదు. మధ్యలో విమానం మారాలి, తర్వాతి విమానం కోసం వేచి ఉండాలి; 15 గంటలు 24 అయ్యేది ముఖ్యంగా అందుకే. ఇంట్లో గ్లోబు ఉంటే, దారం ఒక కొసను విశాఖ మీద, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో మీద వేలితో అదిమిపట్టి బిగుతుగా లాగి చూడండి. దారం బంగాళాఖాతం మీదుగా తూర్పుకు పోదు. ఒడిశా మీదుగా ఉత్తరానికి ఎక్కి, టిబెట్, మంగోలియా, రష్యా తూర్పు కొస దాటి, అలాస్కా మీదుగా దిగుతుంది. అందుకే ఢిల్లీ వెళ్లి విమానం మారడం చుట్టుదారిలా అనిపించినా, అక్కడికి 1,360, అక్కడి నుంచి 12,380 కలిపితే పెరిగేది సుమారు 440 కిలోమీటర్లే. దారిలోనే ఉన్నట్టు కనిపించే సింగపూర్ మీదుగా మాత్రం మొత్తం 16,500 దాకా అవుతుంది.

దూరం కంటే గాలి ముఖ్యం. పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి చలికాలంలో గంటకు 200 కిలోమీటర్లు దాటడం మామూలే. 2016 అక్టోబరులో ఎయిరిండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మాన్పించి పసిఫిక్ మీదుగా నడిపినప్పుడు, దూరం సుమారు 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయినా, గాలి తోడై పద్నాలుగున్నర గంటల్లోనే, అంటే పాత దారికన్నా దాదాపు రెండు గంటలు ముందుగా చేరింది. తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి ఎదురవుతుంది కనుక మీరు విన్నది నిజమే.

టికెట్ మీది వేళలు ఏ ఊరివి ఆ ఊరివి. నవంబరు చివర శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకన్నా పదమూడున్నర గంటలు వెనక ఉంటుంది. విశాఖలో రాత్రి 8 గంటలకు బయలుదేరి మర్నాడు ఉదయం 6.30కు చేరినట్టుంటే, గడిచింది పదిన్నర గంటలు కాదు, 24.

నన్నడిగితే ఢిల్లీ దారే మేలు. రెండు విమానాలూ ఒకే టికెట్‌లో ఉండేలా చూసుకోండి. సామాను సాధారణంగా శాన్‌ఫ్రాన్సిస్కో దాకా నేరుగా వెళ్తుంది. మన దేశం విడిచేముందు జరిగే ఇమిగ్రేషన్ తనిఖీ వరుస ఢిల్లీలోనే ఉంటుంది కనుక అక్కడ మూడు గంటలకు తక్కువ వ్యవధి వద్దు. తిరుగు ప్రయాణం జనవరిలో పడితే, తెల్లవారుజామున పొగమంచు పడుతుంది కనుక, ఢిల్లీ నుంచి విశాఖకు మధ్యాహ్నపు విమానం తీసుకోండి.