21 పక్కన అంటించిన ముక్క

చి. సుధకు,

వచ్చే నెల నుంచి ఎమ్మెస్సీ పిల్లలకు క్రోమోజోములు చదవడం నేర్పుతావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. వీధంతా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

రక్త కణాలను పెంచే 72 గంటల కల్చర్, కణ విభజనను ఆపే కోల్చిసిన్, రంగు వేసే గీమ్సా నీకు తెలిసినవే. రంగుకు ముందు వేసే ట్రిప్సిన్ ఎక్కువసేపు ఉంచితే క్రోమోజోముల మీది చారలు, అదే బ్యాండ్లు, చెడతాయి. అంతే.

ఇప్పుడు కంప్యూటరే క్రోమోజోముల జతలు కలుపుతుందటగా. మేం ఫొటో ప్రింటు తీసి, ఫ్యాన్ ఆపుకుని, కత్తెరతో ఒక్కొక్కటీ కత్తిరించి అట్టకు అంటించేవాళ్ళం. అప్పట్లో డౌన్ సిండ్రోమ్, అంటే 21వ క్రోమోజోము ఎక్కువైన పాపాయి, తల్లి స్లైడు నాకిచ్చారు. 46 ఉండాల్సిన చోట మొదటి కణంలో 45 ఉన్నాయి. స్లైడు చేసేటప్పుడు ఒకటి జారిపోయి ఉంటుందిలే అనుకున్నాను. రెండోదీ 45, మూడోదీ 45. మూడుసార్లూ స్లైడునే తిట్టుకున్నాను తప్ప, 14వ క్రోమోజోముల్లో ఒకటి ఎందుకంత పొడుగుందో చూడలేదు. రెండో 21 దానికే అతుక్కుని ఉంది! పిల్లలకు 21 ఎక్కువగా వెళ్ళే దారి అదే. నాలుగో కణంలో, పక్క కణం నుంచి వచ్చి పడ్డ చిన్న ముక్కను కత్తిరించి, ఒంటరిగా ఉన్న 21 పక్కన అంటించాను. 46, నార్మల్ అని రాసి సంతకం పెట్టాను.

రెండేళ్ళకు ఆవిడ చంకలో బాబుతో వచ్చింది. వాడికీ డౌన్ సిండ్రోమే. మా సారు పాత స్లైడు తీయించి చూసి, ఏమీ అనకుండా మైక్రోస్కోపు నా వైపు తిప్పారు. "అప్పుడు ఏమీ లేదన్నారు కదమ్మా" అంది ఆవిడ. కోపంగా కాదు. బాబును ముద్దుగానే చూసుకుంటోంది, కాకపోతే తెలిసి కనడం వేరు కదే.

1923లో పెయింటర్ అనే శాస్త్రవేత్త మనిషికి 48 క్రోమోజోములు అన్నాక, 1956లో టియో, లెవాన్ అనే ఇద్దరు 46 అని తేల్చేదాకా లోకమంతా 48 లెక్కపెట్టింది. నేనెంత! అందుకే స్లైడు ఎవరిదో, ఏ జబ్బో చెప్పకుండా ఇవ్వు. ఇరవై కణాలు లెక్కపెట్టించు. అన్నిట్లో ఒకే అంకె వస్తే స్లైడును తిట్టనివ్వకు. 9వ క్రోమోజోములో తిరగబడ్డ ముక్క కనిపించగానే జబ్బని అరిచేవాళ్ళుంటారు, అది మామూలుగా ఉండేదేనని ముందే చెప్పు.

ఇంకోటి, నవ్వకు. ప్రాక్టికల్స్‌కి పిల్లల సొంత రక్తం వాడకు. ఎవరో అబ్బాయికి ఒక ఎక్స్, ఒక వై ఉండాల్సిన చోట రెండు ఎక్స్‌లూ ఒక వై వచ్చాయనుకో, క్లాసులో అందరూ వాడి వైపే చూస్తారు. అప్పుడేం చేస్తావు? నీదీ వద్దు. పాత స్లైడ్లు, పేర్లు చెరిపేసినవి, నా దగ్గర ఒక పెట్టెడు ఉన్నాయి. ఆదివారం వచ్చి పట్టుకెళ్ళు. భోజనానికే రా.

పెద్దమ్మ