గళ్ళ కిల్టు, జారే పంచె

ప్రశ్న: మావాడు గ్లాస్గోలో పీజీ చదువుతున్నాడు. తోటి స్కాటిష్ పిల్లోడు తన పెళ్ళికి కిల్టు (అక్కడి మగవాళ్ళు నడుముకు చుట్టుకునే, మోకాళ్ళ దాకా వచ్చే గళ్ళగుడ్డ) కట్టుకుని రమ్మంటే, అద్దెకు తెచ్చి కట్టుకుని ఫొటో పంపాడు. మావారు "లంగా వేసుకున్యాడు" అని వారం నుంచి వాడితో మాట్లాడట్లేదు. పోయినేడు అక్క పెళ్ళిలో పంచె కట్టుకోమంటే మాత్రం వాడు టెన్షన్ పడి ప్యాంటుతోనే తిరిగాడు. ఆయన బాధంతా అదే. ఏం చెప్పమంటారు?
– ఒక తల్లి, గుత్తి

జవాబు: ముందు మీవారికి ఒక లెక్క చెప్పమ్మా. మనం కట్టేది ఎనిమిది మూరల పంచె. మంచి కిల్టుకు ఎనిమిది గజాల ఉన్నిబట్ట పడుతుంది. అంటే రెండు పంచెల గుడ్డ! అదంతా వెనకవైపు మడతల్లోకే పోతుంది. మనం కుచ్చిళ్ళు ముందు దోపుకుంటాం, వాళ్ళు వెనక కుట్టించుకుంటారు. జేబుండదు కాబట్టి ముందు స్పోరన్ అనే తోలుసంచి వేలాడుతుంది. మా తాత మొలకు ఉండే వక్కాకు తిత్తి లాంటిదే, సున్నం మరకలు తప్ప.

లంగా అనొద్దనండి. ఆ గుడ్డ కట్టినందుకు జైలుకు పంపే చట్టం ఉండేది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో బ్రిటన్ రాజు మీద తిరగబడ్డవాళ్ళు ఓడిపోయాక, స్కాట్లాండులో మగవాళ్ళు కిల్టు కట్టకూడదన్నారు. మొదటిసారి దొరికితే ఆరు నెలల జైలు, రెండోసారి ఏడేళ్ళు సముద్రం దాటించడమే. 1782 దాకా ఎత్తేయలేదు. సైన్యంలో చేరినోళ్ళకు మాత్రం మినహాయింపు. ఓడించిన రాజు తుపాకీ మోస్తేనే తాత గుడ్డ కట్టుకోవచ్చు, చూడండి తిరకాసు!

"ఫలానా గళ్ళు ఫలానా వంశానివి కదా" అంటారేమో. ఆ పట్టింపు చాలావరకు 19వ శతాబ్దంలో గట్టిపడిందే. ఎవరైనా కట్టదగ్గ గళ్ళు అద్దె కొట్లలో దొరుకుతాయి. అన్నట్టు, మొదట మీ గుత్తిలోనే పూడ్చిన మద్రాసు గవర్నరు మన్రో దొర పుట్టింది కూడా గ్లాస్గోలోనే.

ఇక మీవాడి సంగతి. వాడికి పంచంటే నామోషీ అని నేననుకోను, జారుతుందని భయం. కిల్టుకు తోలు పట్టీలు, బకిల్సు ఉంటాయి, బిగిస్తే కదలదు. నా పెళ్ళిలో ఏడడుగులు వేస్తుంటే నాలుగో అడుక్కే పట్టుపంచె జారింది. మా బామ్మర్ది తన బెల్టు ఊడదీసి నాకు బిగించాడు, మిగతా పెళ్ళంతా వాడు ఎడమచేత్తో ప్యాంటు పట్టుకునే తిరిగాడు. ఇప్పుడు వెల్క్రో పంచెలొచ్చాయి, జేబుతో సహా. పెద్దలు ముక్కు విరుస్తారు. అక్కడా జీన్స్ గుడ్డతో జేబుల కిల్టులొస్తే అంతేనట. నేనైతే వెల్క్రో కట్టను గానీ, మా మనవడికి రెండు కొనిచ్చాను.

మీవాడికి మాత్రం వెల్క్రోది వద్దు. మీవారిని ధర్మవరం పంపి ఎనిమిది మూరల పట్టుపంచె తెప్పించి పార్సిల్ చేయండి. గోచీ ఎట్లా దోపాలో వీడియో కాల్‌లో ఆయనే చూపించాలి. అప్పుడు మాట్లాడక ఏం చేస్తారు?