‘సీటు రాలేదు’ అన్న మాట పాప చెవిన పడింది

ప్రశ్న: మేడమ్, మాది కరీంనగర్. మూడేళ్లుగా ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో ఉంటున్నాం. మావారిది ఐటీ ఉద్యోగం, నేనూ ఇంటి నుంచే పనిచేస్తాను. పాపకు ఈ జులైలో నాలుగేళ్లు నిండుతాయి. సెప్టెంబరులో రిసెప్షన్ క్లాసులో, అంటే ఇక్కడి స్కూల్లో మొట్టమొదటి తరగతిలో, చేరాలి. మా ఇంటికి మైలు దూరంలో మంచి పేరున్న ప్రైమరీ స్కూల్ ఉంది. ఏడాదిగా సాయంత్రం వాకింగ్‌కి అటే తీసుకెళ్లి “ఇదే నీ స్కూల్” అని చూపిస్తూ వచ్చాను. ఫారంలో ఒకటికి మించి స్కూళ్లు రాయొచ్చు. కానీ ఒక్కటే రాస్తే కచ్చితంగా అదే ఇస్తారని ఆఫీసులో ఎవరో చెప్పారట, మావారు ఒక్కటే రాశారు. ఏప్రిల్ 16న మెయిల్ వచ్చింది. అక్కడ సీటు రాలేదు. ఒకటిన్నర మైళ్ల దూరంలో, మేం పేరు కూడా వినని స్కూల్ ఇచ్చారు. మా తెలుగువాళ్ల గ్రూపులో ఒకావిడ రెండో కొడుక్కి మాత్రం మేం కోరుకున్న చోటే వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లో రోజూ గొడవే. పాపను ఏడాదిపాటు కరీంనగర్‌లో మా అత్తయ్య దగ్గర ఉంచి చదివిద్దామని మావారు అంటున్నారు. అత్తయ్యేమో ఫోన్‌లో “పరీక్షలో పిల్ల ఏమీ చెప్పలేదా?” అని అడిగారు. నిన్న రాత్రి పాప “అమ్మా, నేను బ్యాడ్ గర్ల్‌నా? స్కూల్ వాళ్లు నన్ను వద్దన్నారా?” అంది. నాకు నిద్ర పట్టడం లేదు. అప్పీల్ చేయాలా? ఇండియా పంపాలా? ఏం చేయాలి?

జవాబు: మీ ప్రశ్నల సంగతి తర్వాత చూద్దాం. ముందు పాప అడిగినదానికి జవాబు చెప్పాలి. అది ఇంకో రోజు ఆగకూడదు.

ఈరోజే, స్నానం చేయిస్తూనో అన్నం పెడుతూనో, మామూలు గొంతుతో చెప్పండి. “నిన్ను ఎవరూ వద్దనలేదు. నిన్ను వాళ్లు అసలు చూడనే లేదు కదా. మన కారులో ఐదుగురే పడతాం, ఆరో మనిషి వస్తే చోటుండదు. అలాగే ఆ స్కూల్లో చోటు నిండిపోయింది. నీకు ఇంకో స్కూల్ ఉంది. అది నీ స్కూల్ అని అమ్మ తొందరపడి చెప్పింది. అమ్మదే పొరపాటు, సారీ.” ఇంతే. ఎక్కువ వివరించకండి, చెబుతూ ఏడవకండి. ఏడుపు వస్తుందనిపిస్తే ఆ పని వాళ్ల నాన్నకు అప్పగించండి. నాలుగేళ్ల పిల్ల ఒకసారి విని ఊరుకోదు. రేపు కారెక్కేటప్పుడు అడుగుతుంది, ఎల్లుండి నిద్రపోయే ముందు అడుగుతుంది. అడిగిన ప్రతిసారీ అదే మాట, అదే గొంతుతో చెప్పండి. కొన్నాళ్లు వాకింగ్ దారి మార్చితే మీకూ మంచిది.

‘అమ్మదే పొరపాటు’ అనమన్నానని నొచ్చుకోకండి. మీరు ప్రేమతోనే చూపించారు. కానీ పాప దృష్టిలో ఆ స్కూల్ తనది అయిపోయింది, ఇప్పుడు లాక్కున్నారు. కారణం చెప్పకపోతే ఆ వయసు పిల్లలు కారణాన్ని తమలోనే వెతుక్కుంటారు. ‘బ్యాడ్ గర్ల్‌నా’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఇక ‘సీటు’ అనే మాట. మన ఇళ్లలో దీనికి ఎంత బరువుందో మీకు తెలుసు. నవోదయ సీటు, పాలిటెక్నిక్ సీటు, ఎంసెట్‌లో (ఇప్పుడు ఈఏపీసెట్) ఫలానా కాలేజీలో సీటు. మన చెవికి ‘సీటు రాలేదు’ అంటే పిల్లకు ర్యాంకు రాలేదనే వినిపిస్తుంది. అత్తయ్యగారు పరీక్ష గురించి అడగడంలో ఆమె తప్పేమీ లేదు. హైదరాబాద్‌లో ఎల్‌కేజీకి కూడా పిల్లల్ని, తల్లిదండ్రుల్ని కూర్చోబెట్టి ప్రశ్నలడిగే స్కూళ్లను ఆమె చూసి ఉంటారు. మీకు కూడా ఆ మెయిల్ చూడగానే గుండెలో కలుక్కుమన్నది ఆ పాత అలవాటు వల్లేనేమో ఆలోచించండి.

చిన్నప్పుడు మా ఊరి బడిలో నన్ను చేర్చుకునేటప్పుడు మాస్టారు కుడిచెయ్యి తల మీదుగా వేసి ఎడమ చెవి పట్టుకోమన్నారు. అందలేదు. “వచ్చే ఏడు తీసుకురండి” అన్నారు. పుట్టినతేదీ కాగితాలు లేని రోజుల్లో వయసుకు అదే కొలత. నా తెలివి తక్కువని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు, చెయ్యి పొడవు చాలలేదనుకున్నారు. మీ పాప విషయంలోనూ కొలిచింది ఒక పొడవే, మీ ఇంటికీ స్కూల్‌కీ మధ్య దూరం. మామూలు ప్రభుత్వ ప్రైమరీ స్కూళ్లలో రిసెప్షన్‌కి పరీక్ష ఉండదు, ఇంటర్వ్యూ ఉండదు. ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతున్న పిల్లలకు మొదటి స్థానం. తర్వాత చాలాచోట్ల ఇప్పటికే అక్కడ అన్నో అక్కో చదువుతున్న పిల్లలు, ఆ తర్వాత ఇంటి దూరం. దగ్గరివాళ్లతో మొదలుపెట్టి పేర్లు రాసుకుంటూ వస్తారు, క్లాసు నిండిన చోట ఆగుతారు. మీ గ్రూపులో ఆవిడ రెండో కొడుక్కి వచ్చిందన్నారు. పెద్దబాబు అక్కడే చదువుతున్నాడేమో. అదే అయితే వాళ్లది వేరే వరుస, మీతో పోటీయే లేదు.

మీవారి ఫారం సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. ఒక్కటే రాస్తే అదే ఇస్తారన్నది అక్కడ బాగా తిరిగే అపోహ. స్కూల్ ఒక్కో పేరునూ తన నియమాలతోనే చూస్తుంది. మీరు దాన్ని ఎన్నో నంబరుగా రాశారన్నది లెక్కలోకి రాదు. ఇంకొన్ని రాసినా ఆ స్కూల్ వచ్చేది కాదు. మిగతా గళ్లలో నచ్చిన స్కూళ్లు రాసి ఉంటే వాటిలో ఏదో ఒకటి వచ్చే అవకాశం ఉండేది. ఆ అవకాశం పోయింది. రాసినవాళ్లందరికీ ఇచ్చాక ఖాళీ ఉన్న స్కూల్ మీ వంతుకు వచ్చింది. కాబట్టి పొరపాటు జరిగింది, కానీ మీరు అనుకుంటున్నంత పెద్దది కాదు. ఆ ఫారం నింపిన రోజు మీరూ అదే ఇంట్లో ఉన్నారు. మీరు మాత్రం సీట్లు కేటాయించే స్థానిక కౌన్సిల్ వెబ్‌సైట్ చదివారా?

ఆయన పాపను పంపిద్దామనడం వెనుక, నావల్లే ఇలా అయిందన్న బాధ ఉందేమో అనిపిస్తోంది. అలా ఉన్నవాళ్లు సారీ చెప్పే బదులు ఒక్కోసారి పెద్ద పరిష్కారాలతో ముందుకొస్తారు. “మీవల్లే” అన్న మాట మీరు మానేస్తే ఆయనకూ ఆ పరిష్కారం పట్టుకుని కూర్చోవాల్సిన అవసరం తగ్గుతుంది. పాప పడుకున్నాక ఒక అరగంట కూర్చోండి. ఎవరిది తప్పు అన్నది ఆ అరగంటలో వద్దు. కౌన్సిల్‌కి ఎవరు ఫోన్ చేయాలి, పొద్దున పాపను ఎవరు దింపాలి, మీ మొదటి కాల్ ఎన్నింటికి, ఇవే మాట్లాడుకోండి.

కరీంనగర్ పంపే విషయంలో నాది స్పష్టమైన అభిప్రాయం: వద్దు. చట్టప్రకారం పాప వచ్చే ఏడాది ఆగస్టు 31కి గానీ తప్పనిసరిగా చదవాల్సిన వయసుకు రాదు, కాబట్టి పంపడం నేరమేమీ కాదు. రిసెప్షన్ సీటును కొన్నాళ్లు వాయిదా వేసుకునే వీలూ ఉంది, కానీ ఆ విద్యా సంవత్సరంలో చివరి టర్మ్ మొదలయ్యేలోపు చేరాలి. ఏడాదంతా కరీంనగర్‌లో ఉంటే ఇప్పుడొచ్చింది కూడా పోతుంది. తిరిగొచ్చాక సాధారణంగా ఫస్ట్ ఇయర్‌లో (రిసెప్షన్ తర్వాతి తరగతి) ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ చేర్చాలి, అప్పటికి మిగతా పిల్లలు ఒకరికొకరు అలవాటై ఉంటారు. ఇదంతా పక్కన పెట్టినా, స్కూల్ నన్ను వద్దందేమో అనుకుంటున్న పిల్లను ఇంటి నుంచి కూడా పంపిస్తే తను ఏమనుకుంటుంది? నానమ్మ ఎంత ప్రేమగా చూసుకున్నా ఆ ప్రశ్న పోదు. నానమ్మ దగ్గరికి వేసవి సెలవుల్లో అందరూ కలిసి వెళ్లండి.

ఇప్పుడు కాగితాల పని. వచ్చిన స్కూల్‌కి ఒప్పుకుంటున్నామని ముందు తెలియజేయండి. గడువు మీ మెయిల్‌లోనే ఉంటుంది. ఒప్పుకుంటే కోరుకున్నది దక్కదేమో అని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. వెయిటింగ్ లిస్టుకీ అప్పీల్‌కీ దానివల్ల నష్టం లేదు. కాదంటే మాత్రం కౌన్సిల్ ఇంకోటి వెతికి ఇవ్వాల్సిన అవసరం ఉండదు, పాప చేతిలో ఏదీ మిగలదు.

తర్వాత కోరుకున్న స్కూల్ వెయిటింగ్ లిస్టులో పేరు ఉందో లేదో కౌన్సిల్‌ని అడగండి. దానితోపాటు చుట్టుపక్కల ఇంకేవైనా నచ్చితే వాటికీ పెట్టండి. ఆ లిస్టును కనీసం డిసెంబరు 31 వరకు ఉంచాలి. ముందు వచ్చినవాళ్లకు ముందు అన్న పద్ధతి అందులో ఉండదు, అక్కడా అవే నియమాలు, అదే దూరం. అందుకే ఇవాళ ఐదో నంబరులో ఉన్నవాళ్లు రేపు ఎవరో దగ్గరగా ఇల్లు మారితే ఆరుకు జారొచ్చు. ఇళ్లు మారేవాళ్లు, ప్రైవేటుకు పోయేవాళ్లు ఉంటారు కాబట్టి ముందుకూ జరగొచ్చు. నెలకోసారి అడిగితే చాలు. రోజూ లాగిన్ అయి చూస్తే మీ టెన్షన్ పెరగడం తప్ప నంబరు మారదు.

అప్పీల్ మీ హక్కు, ఖర్చు లేదు. నిర్ణయం తెలిసిన రోజు నుంచి కనీసం 20 స్కూల్ దినాల గడువు ఇస్తారు. కానీ ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రిసెప్షన్, ఫస్ట్ ఇయర్, సెకండ్ ఇయర్ క్లాసుల్లో ఒక టీచరుకు 30 మందికి మించకూడదని చట్టం ఉంది. 30 నిండిన చోట అప్పీల్ వినే ప్యానెల్ ప్రధానంగా చూసేది, నియమాలు తప్పుగా అమలు చేయడం వల్ల మీకు రావాల్సింది పోయిందా అన్నదే. ఇంటి అడ్రసు తప్పుగా ఎక్కిందా? దూరం తప్పుగా కొలిచారా? చివరి సీటు ఎంత దూరంలో ఉన్న ఇంటికి వెళ్లింది? ఇవి కౌన్సిల్‌ని అడిగి తెలుసుకోండి. తేడా ఉంటే అప్పీల్ వేయండి. అలాంటిదేమీ లేకుండా ‘మాకు ఆ స్కూలే ఇష్టం, పాప చాలా తెలివైనది’ అని రాస్తే గెలవడం చాలా కష్టం. గెలవదని తెలిసీ వేస్తే, వేసవంతా ఆ కాగితాల చుట్టూ తిరుగుతారు, పాప కూడా వాటి మధ్యే ఉంటుంది.

మీరు రాయలేదు గానీ మనవాళ్లలో చాలామందికి ఉండే భయం ఒకటి. వీసా మీద ఉన్నాం, ‘పబ్లిక్ ఫండ్స్’ (ప్రభుత్వం ఇచ్చే సాయాలు) వాడకూడదని రాసి ఉంది, గట్టిగా అడిగితే ఏమవుతుందో అని. ప్రభుత్వ స్కూల్ చదువు ఆ నిషేధం కిందికి రాదు. పక్కింటివాళ్లు అడిగినట్టే మీరూ అడగొచ్చు.

ఆ పేరు వినని స్కూల్ గురించి ఏం తెలుసుకున్నారు? గూగుల్ రేటింగ్, గ్రూపులో ఎవరో అన్న మాట, ఇంతేనా? ఒకప్పుడు ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) వాళ్లు స్కూల్ మొత్తానికి ఒకే మాటలో మార్కు వేసేవాళ్లు, ఆ పద్ధతిని 2024 సెప్టెంబరులో ఆపేశారు. మనవాళ్ల గ్రూపుల్లో మాత్రం ‘ఔట్‌స్టాండింగ్’ మాట ఇంకా ఎంసెట్ ర్యాంకులాగే తిరుగుతోంది. స్కూల్ ఆఫీసుకి ఫోన్ చేసి, ఒకసారి వచ్చి చూస్తామని అడగండి. రిసెప్షన్ టీచరు పిల్లలతో కింద కూర్చుని మాట్లాడుతోందా, కొత్తగా చేరి ఏడ్చే పిల్లల్ని ఎలా చూసుకుంటారు, మన ఇళ్ల నుంచి వచ్చిన, ఇంగ్లిష్ ఇంకా తడబడే పిల్లలు ఉన్నారా, పొద్దున బడి మొదలయ్యేలోపు టిఫిన్ పెట్టి పిల్లల్ని చూసుకునే బ్రేక్‌ఫస్ట్ క్లబ్ ఉందా, ఇవి కనుక్కోండి. మధ్యాహ్న భోజనం సెకండ్ ఇయర్ దాకా అందరికీ ఉచితమే, శాకాహారం సంగతి అడగండి. ఒకటిన్నర మైళ్లు రెండు మైళ్ల లోపే కాబట్టి దూరం కారణంగా కౌన్సిల్ ఉచిత రవాణా ఇవ్వదు, ఎలా వెళ్లాలో మీరే చూసుకోవాలి. ఒకరోజు ఉదయం ఎనిమిదిన్నరకు నిజంగా ఆ దారిలో వెళ్లి చూడండి. మ్యాప్‌లో కనిపించని కష్టసుఖాలు అప్పుడు తెలుస్తాయి.

అత్తయ్యగారికి మీవారే ఫోన్ చేసి చెప్పాలి, వాళ్లమ్మ కాబట్టి. “అమ్మా, పరీక్షేమీ లేదు. దగ్గర ఇళ్లవాళ్లకు ముందు ఇచ్చారు. చిట్టికి ఇంకో బడిలో ఇచ్చారు, సెప్టెంబరులో మొదలు” అంటే సరిపోతుంది. ఆ తర్వాత ఈ విషయం స్పీకర్‌లో పెట్టి ఎవరితోనూ మాట్లాడకండి. పాప ఆడుకుంటూనే అన్నీ వింటోందని మీకు ఇప్పటికే తెలిసింది. గ్రూపును కొన్ని వారాలు మ్యూట్‌లో పెట్టండి. ఆవిడ మీద కుళ్లుకున్నానని సిగ్గుపడకండి, అలా ఎవరికైనా అనిపిస్తుంది. నాలుగు రోజులాగి అభినందనలు చెప్పినా ఆవిడేమీ అనుకోదు.

మీ నిద్ర సంగతి కూడా చూసుకోవాలి. మరో రెండు వారాల తర్వాత కూడా ఇలాగే ఉంటే మీ జీపీకి, అంటే మీ ఫ్యామిలీ డాక్టరుకి, చెప్పండి. స్కూల్ విషయమే కదా అని తేలిగ్గా తీసుకుని ఊరుకోవద్దు.

కొత్త స్కూల్ చూడ్డానికి పాపను కూడా అనుమతిస్తే తీసుకెళ్లండి. గేటు దగ్గర “ఇదే నీ స్కూల్” అనొద్దు, “ఇక్కడ ఏమేం ఉన్నాయో చూసొద్దామా?” అనండి చాలు. బయటికొచ్చాక మీకు నచ్చిందో లేదో మీవారితో ఇంటికెళ్లి మాట్లాడుకోవచ్చు. దారిలో మాత్రం పాపను మాట్లాడనివ్వండి. ఇసుక పెట్టె గురించో, కోట్లు తగిలించే కొక్కేల మీద అంటించిన బొమ్మల గురించో చెబుతుంది.