నవల రాస్తుంటే వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి.. రాయడం మానేయాలా?

ప్రశ్న: నా వయసు 46. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాను. ప్రయాణం తప్పడంతో రోజూ రెండు గంటలు మిగులుతున్నాయని, ఎన్నాళ్లుగానో అనుకుంటున్న నవల మొదలుపెట్టాను. అందరూ పడుకున్నాక మంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని రాత్రి ఒంటిగంటన్నర దాకా రాస్తాను. నిద్ర రాకుండా కాఫీ తాగుతాను. కొన్నాళ్లుగా కుడిచేతి బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. తెల్లవారుజామున ఆ తిమ్మిరికే మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మెడనొప్పి, కళ్లమంట కూడా ఉన్నాయి. బీ12 మాత్రలు వాడినా తేడా లేదు. ఇంట్లోవాళ్లు నవల మానేయమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఓ పాఠకురాలు

జవాబు: నవల మానేయక్కర్లేదమ్మా. రాసే వేళ, కూర్చునే తీరు మార్చుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. ముందు చేతి సంగతి చూద్దాం. మీరు చెప్పినవాటిలో అశ్రద్ధ చేయకూడనిది అదే.

బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు తిమ్మిరెక్కడం, రాత్రిపూట ఎక్కువవడం, విదిలిస్తే తగ్గడం.. ఈ మూడూ కలిస్తే మొదట అనుమానించేది కార్పల్ టన్నెల్ సిండ్రోమ్‌. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలోంచి వెళ్లే మీడియన్ నరం మీద ఒత్తిడి పడటం వల్ల ఇది వస్తుంది. నిద్రలో మణికట్టు మడతపడితే ఆ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అందుకే తెల్లవారుజామున మెలకువ వస్తోంది. చిటికెన వేలు కూడా తిమ్మిరెక్కుతుంటే మాత్రం మోచేతి దగ్గరి మరో నరాన్ని, మెడ ఎముకలనూ చూడాల్సి ఉంటుంది.

తప్పంతా టైపింగ్‌దే అనుకోకండి. షుగర్, థైరాయిడ్ తగ్గడం, బరువు పెరగడం కూడా దీనికి కారణాలే. మీ వయసులో ఆడవారిలో ఇది తరచూ కనిపిస్తుంది. కాబట్టి షుగర్, థైరాయిడ్ (టీఎస్‌హెచ్) పరీక్షలు చేయించుకోండి. బీ12 లోపం వల్ల వచ్చే తిమ్మిరి సాధారణంగా రెండు పాదాల్లో మొదలవుతుంది, ఒక చేతి మూడు వేళ్లకే పరిమితం కాదు. తిమ్మిరి అనగానే ఆ మాత్రలు కొనుక్కోవడం చాలామందికి అలవాటైపోయింది. పరీక్షలో లోపం ఉందని తేలితే వాడండి.

మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్ అనే పట్టీ దొరుకుతుంది. ఆరు వారాల పాటు రోజూ రాత్రి అది పెట్టుకుని పడుకోండి. తొలిదశలో చాలామందికి దీంతోనే ఉపశమనం ఉంటుంది. తగ్గకపోతే నరం ఎలా పనిచేస్తోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష చేసి, అవసరాన్ని బట్టి మణికట్టులో ఇంజెక్షన్ ఇస్తారు, లేదంటే చిన్న ఆపరేషన్ చేస్తారు.

ఇక రాయడం. ల్యాప్‌టాప్‌లో తెర, కీబోర్డు కలిసే ఉంటాయి. తెర కళ్ల ఎత్తుకు వస్తే చేతులకు ఇబ్బంది, చేతులకు అందేలా పెడితే మెడకు ఇబ్బంది. మంచం మీదైతే రెండింటికీ ఇబ్బందే. బల్ల మీద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి వాటిపై ల్యాప్‌టాప్ పెట్టి, విడిగా ఓ కీబోర్డు వాడండి. మణికట్టు బల్ల అంచుకు ఆనకూడదు. అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయండి. సంభాషణలు రాసేటప్పుడు ఫోన్‌లో వాయిస్ టైపింగ్ ప్రయత్నించండి, పైకి చెప్పుకుంటే మాటలు సహజంగా వస్తాయి కూడా. చేత్తో రాద్దామనుకుంటే కాస్త లావు పెన్ను తీసుకుని వదులుగా పట్టుకోండి.

కళ్లకు 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలోని వస్తువును 20 సెకన్లు చూడటం, గుర్తుంచుకుని రెప్పలు ఆర్పడం సరిపోతుంది. నలభై దాటింది కాబట్టి చత్వారం ఉందేమో చూపించుకోండి.

మీ ఉత్తరంలో నాకు తట్టిన విషయం ఒకటుంది. ప్రయాణం తప్పి రెండు గంటలు మిగిలాయన్నారు. కానీ నవల రాస్తున్నది ఆ రెండు గంటల్లో కాదు, నిద్రపోవాల్సిన వేళలో. మిగిలిన సమయాన్ని బహుశా ఆఫీసు పని, ఇంటి పని పంచేసుకున్నాయి. ఇంట్లో ఉన్నారు కదా అని ఎవరైనా ఏ పనైనా చెబుతారు! మునుపు బయల్దేరే వేళకే ఇప్పుడు నవల ముందు కూర్చోండి. ఆ కాసేపు మీరు ఆఫీసు దారిలో ఉన్నట్టేనని ఇంట్లో గట్టిగా చెప్పండి. రోజుకు 250 మాటల చొప్పున రాసినా 200 రోజుల్లో 50 వేల మాటలు. ఓ మోస్తరు నవలకు అవి చాలు.

పెద్దవారికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. కాఫీలోని కెఫీన్‌లో సగం బయటికి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అందుకే మధ్యాహ్నం తర్వాత కాఫీ వద్దు. రాత్రి పడుకోబోయేముందు ఏదైనా సన్నివేశం తోస్తే కాగితం మీద రెండు ముక్కలు రాసుకుని లైటు ఆర్పేయండి. మిగతాది పొద్దున రాసుకోవచ్చు.

తిమ్మిరి పగలంతా ఉంటున్నా, చేతిలో వస్తువులు జారిపోతున్నా, బొటనవేలి కింది కండ చిక్కినట్టు కనిపిస్తున్నా ఆరు వారాలు ఆగకండి. వెంటనే న్యూరాలజిస్టునో, ఆర్థోపెడిక్ డాక్టర్‌నో కలవండి. చేతి తిమ్మిరితో పాటు నడకలో తూలుడు ఉన్నా అంతే. ఒక్కసారిగా చెయ్యి పడిపోయినట్టయినా, మాట తడబడినా, మూతి వంకర పోయినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి.