ఎర్ర సముద్రంలో గొడవకు, కర్నూలు జిల్లా పత్తికొండలో డీఏపీ కొరతకు ఏం సంబంధం?

అన్నా, ఎక్కడో ఓడల మీద దాడులు జరిగితే ఖరీఫ్‌లో మన దగ్గర డీఏపీ (పైరుకు భాస్వరం, నత్రజని ఇచ్చే ఎరువు) ఎందుకు దొరకదు, ముందుముందూ ఇంతేనా అని అడిగారు. ఇంతే అనుకుని సిద్ధపడటం మేలు.

మన దేశం వాడే డీఏపీలో సగానికి పైగా దిగుమతే. సౌదీ సరుకు రాస్ అల్ ఖైర్ రేవులో ఓడెక్కి పర్షియన్ గల్ఫ్ నుంచి బయటికొచ్చే ఇరుకు దారి అయిన హోర్ముజ్ జలసంధి దాటాలి. మొరాకో సరుకుకు దగ్గర దారి సూయెజ్, ఎర్ర సముద్రం. 2023 నవంబరులో యెమెన్ తిరుగుబాటుదారులైన హూతీల దాడులు మొదలయ్యాక చాలా ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. చైనా నుంచి దారి బాగానే ఉంది గానీ, 2021 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వం ఎగుమతి అనుమతులు బిగించింది. నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. తూటా పేలకుండా, ఒక్క సంతకం ఆపి ఇంకో దేశం పైరును ఎండగట్టొచ్చు. 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల మీదా చైనా ఇట్లాంటి ఆంక్షలే పెట్టింది. యూరియా ఎక్కువగా మన దగ్గరే తయారవుతుంది, కానీ దానికి కావలసిన ఖతార్ గ్యాస్ వచ్చేదీ హోర్ముజ్ మీదుగానే. ఓడ రెండు వారాలు ఆలస్యమైతే మనకు అదను పోతుంది.

అందుకే డీఏపీ కోసం క్యూలో నిలబడొద్దు. వర్షాధార వేరుశనగకు ఎకరాకు 100 కిలోల సూపర్ (సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అనే భాస్వరం ఎరువు), 18 కిలోల యూరియా, 33 కిలోల పొటాష్ ఆఖరి దుక్కిలో వేస్తే చాలు. భాస్వరం 16 కిలోలు అందుతుంది, డీఏపీలో లేని గంధకం, కాల్షియం అదనం. నల్లరేగడి శనగకైతే సూపర్ 125 కిలోలు, యూరియా 18 కిలోలు.

చెడేది ఎక్కడంటే, సూపర్, యూరియా ముందురోజే కలిపి పెడితే చెమ్మ పట్టి ముద్దవుతాయి, గొర్రులో దిగవు. కలిపిన వెంటనే వేసేయాలి. మొలిచాక పైపాటుగా సూపర్ చల్లితే డబ్బు దండగ, భాస్వరం నేలలో కిందికి జరగదు.

సూపర్ కూడా పూర్తిగా మనది అనుకోవద్దు. దానికి కావలసిన రాక్ ఫాస్ఫేట్ (భాస్వరం ఉండే రాయి)లో చాలా భాగం జోర్డాన్, ఈజిప్టు లాంటి దేశాల నుంచి వస్తుంది. జోర్డాన్ రేవు అకబా ఉన్నది ఎర్ర సముద్రం ఒడ్డునే. కాబట్టి మే నెలలోనే భూసార పరీక్ష చేయించండి. ఏళ్ల తరబడి డీఏపీ పోసిన చేలల్లో భాస్వరం నిల్వ ఉంటుంది. ఎక్కువని తేలితే మోతాదు తగ్గించి, భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా 2 కిలోలు 200 కిలోల మాగిన పశువుల ఎరువులో కలిపి ఎకరాకు చల్లండి.