కలకత్తా వెళ్తున్న చిట్టికి పెద్దమ్మ రాసేది

చిట్టీ,

మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, మీరిద్దరూ కలకత్తా బయల్దేరుతున్నారని. పెళ్ళయిన ఇన్నాళ్ళకి ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది, సంతోషం. గోవా, ఊటీ అనకుండా కలకత్తా అనుకున్నారంటే, అందులోనూ దక్షిణేశ్వరం కాళీ గుడి చూడాలని నువ్వే పట్టుబట్టావంటే, నాకు గర్వంగానే ఉంది. కానీ మీ అమ్మ ఇంకో మాట కూడా అంది. "అల్లుడుగారు గుళ్ళోకి రానన్నారట, ఇది రెండ్రోజులుగా మూతి ముడుచుకుని కూర్చుందట" అని. అది విన్నప్పటినుంచి నా మనసు మనసులో లేదు. ఫోన్లో తేలే సంగతి కాదు గనక ఉత్తరం రాస్తున్నాను. అబ్బాయికి కూడా చదివి వినిపించు.

ముందు చిన్న విషయాలు. విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం రెండూ సోమవారం మూసేస్తారు. మదర్ థెరిసా ఉన్న మదర్ హౌస్‌కి గురువారం సెలవు. అది చూసుకుని రోజులు పంచుకోండి. కాళీఘాట్‌లో "నేను దర్శనం చేయిస్తా" అంటూ వెంటపడేవాళ్ళకి బదులు చెప్పకుండా తిన్నగా వెళ్ళి లైన్లో నిలబడండి. అబ్బాయి ఇంజనీరు కదా, హౌరా బ్రిడ్జి మీద నడిపించు. 1943లో తెరిచారు. నట్లూ బోల్టులూ లేవు, మొత్తం రివెట్లతో బిగించారు. పొద్దున్నే వెళ్తే బ్రిడ్జి పక్కనే మల్లిక్ ఘాట్ పూలబజారు కనిపిస్తుంది. బారెడు బంతిదండలు గుత్తులుగా భుజాలకి వేసుకుని, నీళ్ళు కారుతుండగా జనాన్ని తోసుకుంటూ పోతుంటారు. 2024 నుంచి మెట్రో రైలు గంగ అడుగున కూడా నడుస్తోంది. ముక్కాలు నిమిషంలో నది దాటేస్తుందట. ఎక్కండి, అవతల దిగాక మాత్రం ఒక్క మెసేజ్ పెట్టు.

నీళ్ళ సంగతి వచ్చింది గనక చెబుతున్నా, గంగ ఒడ్డున జాగ్రత్త. అక్కడ నదికి సముద్రపు పోటు తగులుతుంది. ఒక్కోసారి నీళ్ళు గోడలా లేచి వస్తాయి, దాన్ని వాళ్ళు బాన్ అంటారు. ఘాట్ మెట్లు పాచి పట్టి జారుతాయి. ఫొటో కోసమని కింది మెట్టు దాకా దిగారో, నేనూరుకోను.

ఇక అసలు మాట. ఏ చోటికెళ్ళినా, జనంలో విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో లోపలికి అడుగుపెట్టకముందే అనుకోండి. హౌరా స్టేషన్లో రెండు ముఖాల పెద్ద గడియారం ఉంది, 1926 నాటిది. బొడో ఘొడి అంటారు. "పెద్ద గడియారం కింద ఉంటా" అని చెప్పుకోవడం ఆ ఊరివాళ్ళకి తాతల నాటి అలవాటు. చేతిలో సెల్లుండగా ఇదంతా ఎందుకు పెద్దమ్మా అంటావు. దక్షిణేశ్వరం గుళ్ళోకి సెల్‌ఫోన్లు రానివ్వరు తల్లీ. చెప్పులూ ఫోనూ బయట అప్పజెప్పి వెళ్ళాలి. ఫోన్ కావలసిన చోటే అది నీ దగ్గర ఉండదు.

1988లో మేం వెళ్ళినప్పుడు ఖరగ్‌పూర్‌లో మీ పెదనాన్నగారి పినతండ్రి కొడుకు ఇంట్లో దిగాం. అక్కడి రైల్వేలో మనవాళ్ళు ఎన్నో తరాలుగా ఉన్నారు. బజారుకెళ్తే తెలుగే వినపడేది. ఆ ధైర్యంతో కలకత్తా కూడా మనదేలే అనుకున్నాం. మీ అన్నయ్యకి టైఫాయిడ్ వచ్చి మంచాన పడ్డప్పుడు, నయమైతే మేమిద్దరం కలిసి వచ్చి దర్శనం చేసుకుంటామని అమ్మవారికి మొక్కుకున్నాను. మీ పెదనాన్న సంగతి నీకు తెలుసు. దేవుడు లేడని ఎవరితోనూ వాదించేవారు కాదు, అలాగని గుడి గడపా తొక్కేవారు కాదు. అయినా నా మొక్కు కోసం అంత దూరం వచ్చారు. తీరా గుడి వాకిట్లో నిలబడి, "నువ్వెళ్ళిరా, నేనిక్కడుంటా" అన్నారు.

ఇద్దరం కలిసి అని మొక్కుకున్నాను కదా, నాకు ఒళ్ళు మండిపోయింది. నలుగురిలో అన్నాను, "మీ నీడ పడితే నా మొక్కు కూడా చెల్లదు, ఎక్కడికైనా పొండి" అని. ఆయన ఏమీ అనలేదు. నేను విడిచిన చెప్పులు వంగి చేతిలోకి తీసుకున్నారు. నేను వెనక్కి చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను. డబ్బులు ఆయన సంచీలో, ఖరగ్‌పూర్ అడ్రసు ఆయన జేబులో. నా చేతిలో ఒక మందారపూల దండ మాత్రమే ఉంది.

ఆ రోజు శనివారం, జనం కిటకిట. లైన్లో ఉన్నంతసేపూ అమ్మవారికి నేను చెప్పుకున్నది ఆయన మీద పితూరీలే. ఇన్నేళ్ళ నా కాపురంలో ఆయన ఎన్నిసార్లు నా మాట తీసేశారో లెక్క పెట్టుకుంటూ గర్భగుడి ముందుకి వచ్చాను. దండ తీసుకున్నారు, వెనకనుంచి తోశారు, పక్కకి వచ్చేశాను. అక్కడి అమ్మవారు భవతారిణి ముఖం ఎలా ఉంటుందో నేను చూడనే లేదు చిట్టీ. ఎదురుగా నిలబడీ చూడలేదు. పిల్లాణ్ణి బతికించిన తల్లికి దణ్ణం పెట్టుకోవడానికి అంత దూరం వెళ్ళి, మొగుడి మీద కోపం మోసుకుని తిరిగొచ్చాను.

బయటికి వస్తే ఆయన లేరు. నేను వచ్చింది వేరే వైపు ద్వారమని కూడా నాకు తెలియదు. ముంగిట్లో తిరిగాను. నది వెంట వరసగా ఉన్న 12 శివాలయాల ముందూ వెతికాను. ఘాట్ దగ్గరికొచ్చి నీళ్ళు చూశాక కాళ్ళు ఆడలేదు. ఆయనకి ఈత రాదు. "ఎక్కడికైనా పొండి" అన్న నా మాటే చెవిలో మోగుతోంది. ఎర్రంచు తెల్లచీర, చేతులకి శంఖు గాజులు వేసుకున్న ఒక పెద్దావిడ నన్ను చూసి మెట్టుమీద కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. ఆవిడ భాష నాకు రాదు, నా భాష ఆవిడకి రాదు. నా మెళ్ళో సూత్రాలు చూపించి ఏడిస్తే ఆవిడకి అర్థమైంది. చెయ్యి పట్టుకుని ఒక్కో ఘాటూ, ఒక్కో వాకిలీ తిప్పింది.

పొద్దువాలాక దొరికారు. పడవలవాళ్ళని ఒక్కొక్కర్నీ వచ్చీరాని హిందీలో అడుగుతున్నారు, నీళ్ళలో ఎవరైనా ఆడమనిషి పడిందా అని. చేతిలో నా చెప్పులు అలాగే ఉన్నాయి. నన్ను చూడగానే తిడతారనుకున్నాను. "నీ మొక్కు తీరిందా?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేకపోయాను. మర్నాడు మళ్ళీ తీసుకెళ్ళారు. గుమ్మం పక్కన ఒక చోటు చూపించి, "కదలకుండా ఇక్కడే ఉంటా, తీరిగ్గా చూసిరా" అన్నారు. ఆ రోజు అమ్మవారి ముఖం తనివితీరా చూశాను. ఆయన పోయి ఇన్నేళ్ళయినా నాకు ఆ గుడి అంటే, ఆయన నిలబడ్డ ఆ గుమ్మం కూడా కలిపే గుర్తొస్తుంది.

అందుకని, అబ్బాయి లోపలికి రాకపోతే బలవంతం చెయ్యకు. ఆ గుళ్ళో రాధాకాంతుడి విగ్రహానికి ఒకసారి కాలు విరిగింది. గంగలో కలిపేసి కొత్త విగ్రహం పెట్టమన్నారు పండితులు. అక్కడ పూజారిగా ఉన్న రామకృష్ణ పరమహంస ఏమన్నాడో తెలుసా? గుడి కట్టించిన రాణిగారి అల్లుడికి కాలు విరిగితే పారేస్తారా, వైద్యం చేయిస్తారా అని అడిగాడు. తనే అతికించాడు, పూజ ఆగలేదు. మొగుడికి భక్తి లేకపోవడం కాలు విరిగినంత లోపం కూడా కాదే పిల్లా. తర్వాత వివేకానందుడైన నరేంద్రుడు మాత్రం పరమహంస దగ్గరికి చేతులు జోడించుకుంటూ వచ్చాడా? దేవుణ్ణి మీరు చూశారా అని నిలదీశాడు. గురువు అతన్ని గుమ్మం బయట నిలబెట్టలేదు.

బాబూ, మీకో మాట. ఆ గుడి 1855లో కట్టించిన రాణీ రాస్‌మణి కైవర్త కులస్థురాలు. ఆవిడ గుళ్ళో పూజ చెయ్యడానికి బ్రాహ్మలు ముందుకు రాలేదు. చివరికి పరమహంస అన్నగారు రామ్‌కుమార్ ఒప్పుకున్నారు. మీ పెదమామగారికి అమ్మవారికంటే ఆవిడంటేనే గౌరవం. మీరు దణ్ణం పెట్టకపోతే పెట్టకండి, కానీ ముంగిట్లోకి వచ్చి పరమహంస భార్య శారదాదేవి ఏళ్ళతరబడి ఉన్న నహబత్ అనే గది చూడండి. మనిషి సరిగా కాళ్ళు చాపుకోలేనంత చిన్నది. అక్కడే వంటా, అక్కడే జపం. మా చిట్టి లైన్లో ఉన్నంతసేపూ గడియారం చూసుకోకండి. అది దాని సమయం.

తర్వాత అక్కడి రేవునుంచి పడవలో వివేకానందుడు పెట్టిన బేలూరు మఠానికి వెళ్ళండి. మధ్యాహ్నం మూసేస్తారు, సాయంత్రం హారతికి అందుకునేలా చూసుకోండి. ఆ మందిరం 1938లో మన సంక్రాంతి రోజునే ప్రతిష్ఠ చేశారు. ఒకవైపునుంచి గుడిలా, ఇంకోవైపునుంచి చర్చిలా, మసీదులా ఉండేట్టు కట్టారు. అక్కడ హారతప్పుడు మీ పెదనాన్న కూడా వెనక వరసలో కూర్చున్నారు. కళ్ళు మూసుకోలేదు, స్తంభాలు చూస్తూ కూర్చున్నారు. నా పక్కనున్నారు, నాకదే చాలు. వీలుంటే 1884 నాటి మాగెన్ డేవిడ్ అనే యూదుల ప్రార్థనామందిరం కూడా చూడండి, గుర్తింపు కార్డు దగ్గర పెట్టుకోండి. ఊళ్ళో యూదులు వేళ్ళమీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. దాన్ని ఊడ్చి తుడిచి కనిపెట్టుకుని ఉన్నది ముస్లిములు. దీనిమీద మీ ఇద్దరూ దెబ్బలాడుకోనక్కర్లేదు.

డబ్బులు ఇద్దరూ చెరి సగం దగ్గరుంచుకోండి. హోటల్ అడ్రసు కాగితమ్మీద రాసి నీ జాకెట్లో ఒకటి, అతని జేబులో ఒకటి. విశాఖలో ఎక్కగానే కోచ్ నెంబరు నాకు పంపించు. మా విజయనగరంలో రైలు ఆగేది కాసేపే, ప్లాట్‌ఫాం మీద కనిపెట్టుకుని ఉంటాను. పులిహోర, నువ్వులుండలు తెస్తున్నాను. అబ్బాయికి కారం తగ్గించి విడిగా కట్టిస్తాలే, కిటికీ పక్కనే కూర్చోండి.

మీ పెద్దమ్మ